చిలకపాలెం దగ్గర ఆగిన మారుతి

రణస్థలం దాటిన కాసేపటికి పక్క సీట్లోంచి అమ్మే మొదట అడిగింది, "ఒరే, ఆ ముల్లు అలా పైకి పోతోందేమిట్రా?" అని. నేను రోడ్డు మీదే దృష్టి పెట్టి ఉన్నాను. చూస్తే ఇంజన్ వేడి చూపించే ముల్లు ఎర్రగీతకు ఆనుకుని ఉంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి లాగడం లేదు. అద్దంలో వెనకంతా తెల్లటి పొగ. నూనె కాలినప్పుడు వచ్చే నీలిపొగ కాదది. అన్నం వారుస్తున్నప్పుడు లేచే ఆవిరిలా దట్టంగా ఉంది. చిలకపాలెం ఇంకా కొద్ది దూరంలో ఉందనగా పక్కకు తీసి ఇంజన్ ఆపేశాను.

ఏప్రిల్ నెల, శనివారం. విశాఖ నుంచి శ్రీకాకుళంలో పిన్ని ఇంటికి వెళ్లి, ఆదివారం అరసవల్లిలో దర్శనం చేసుకుని, సోమవారం శ్రీముఖలింగం చూసుకుని వచ్చేద్దామని బయలుదేరాం. బస్సులో హాయిగా వెళ్లొచ్చు. కానీ నాన్నకు కంటి ఆపరేషన్ అయినప్పుడు అమ్మ మొక్కుకున్న మొక్కు ఇది. ఆయన పోయి మూడేళ్లయినా తీరకుండా ఉండిపోయింది. ఆయన కొన్న కారులోనే వెళ్లాలని అమ్మ కోరిక. 1996 నాటి మారుతి 800 అది. మూడు సిలిండర్లు, 796 సీసీ, కార్బొరేటర్ బండి. ఇంట్లో ఎవరు ఎన్ని చెప్పినా నేను దాన్ని అమ్మలేదు.

బానెట్ ఎత్తితే రేడియేటర్ కింది హోస్ పైపు దగ్గర నీళ్లు కారి ఆవిరవుతున్నాయి. మూత తియ్యబోతే అక్కడే లారీ ఆపుకుని టీ తాగుతున్న డ్రైవరు పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. వేడి మీద ఆ మూత తీస్తే మరిగే నీళ్లు మొహం మీదకి చిమ్ముతాయి. ఈ సంగతి తెలిసీ కంగారులో మర్చిపోయాను. అరగంట ఆగి, తడిగుడ్డ కప్పి తీశాం. లోపల నీళ్లు అడుగంటాయి. గుప్పెడు పసుపు వేసి నీళ్లు పోస్తే కారడం ఆగుతుందని ఆయనే సలహా ఇచ్చాడు. రేడియేటర్లో సన్న చిల్లు పడితే పసుపు కాసేపు ఆపుతుంది, నిజమే. కానీ ఆ తెల్లపొగ రేడియేటర్ సంగతి కాదని నాకప్పటికే గుండెల్లో గుబులుగా ఉంది. పిన్ని కొడుకు జీపు తెచ్చి, తాడు కట్టి శ్రీకాకుళం దాకా లాక్కెళ్లాడు. ఎచ్చెర్ల దాటి నాగావళి వంతెన ఎక్కేసరికి చీకటి పడుతోంది. ఆ దారంతా అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు.

మేస్త్రికి అరవై ఉంటాయేమో. రేకుల షెడ్డు, ఇద్దరు కుర్రాళ్లు. బండి చుట్టూ తిరగలేదు, నన్ను ప్రశ్నలు వెయ్యలేదు. ముందు ఇంజనాయిల్ పోసే మూత తిప్పి తీసి, తిరగేసి లైటు కింద పెట్టాడు. మూత లోపల గోధుమరంగు నురుగు పేరుకుని ఉంది, అడుగున మిగిలిపోయిన టీ మీగడలాగ. తరవాత రేడియేటర్ నిండా నీళ్లు పోయించి, మూత తీసి ఉంచే ఇంజన్ని కొద్ది క్షణాలు తిప్పించాడు. నీళ్లలో గుడగుడమని బుడగలు. ఇంజన్ తిరిగే కొద్దీ అవీ ఆగకుండా వస్తున్నాయి.

"హెడ్ గ్యాస్కట్టు ఎల్లిపోయింది బావూ. హెడ్డు దించాల."

సిలిండర్ బ్లాకుకీ, పైన కూర్చునే హెడ్డుకీ మధ్య ఉండే పల్చటి అట్టలాంటిదే గ్యాస్కెట్. చూడ్డానికి ఎంత అల్పంగా ఉంటుందో అంత పెద్ద బాధ్యత దానిది. ఒక పక్క పెట్రోలు మండే సిలిండరు, ఇంకో పక్క చల్లబరిచే నీళ్ల దారి, మరో పక్క ఆయిల్ దారి. ఈ మూడూ ఒకదాంట్లో ఒకటి కలవకుండా అదే కాపలా. మా ఇంజన్లో మూడూ కలిసిపోయాయి. నీళ్లు సిలిండర్లోకి పోయి తెల్లపొగ అయ్యాయి, ఆయిల్లోకి పోయి నురుగయ్యాయి. సిలిండర్లో పేలిన గ్యాసు నీళ్లలోకి వచ్చి బుడగలయింది.

"రేపు దర్శనం చేసుకుని ఎల్లుండి శ్రీముఖలింగం వెళ్లాలి, ఈలోగా కొత్త గ్యాస్కెట్ వేసి ఇచ్చేయగలరా?" అని అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట అడిగినందుకు బాధగా ఉంటుంది.

"అదొక్కటీ ఏసి పంపీగలను. పది రోజులకి మళ్లీ పోతాది. అదెందుకు పోయిందో సూడాల కదా."

ఇంజన్ పూర్తిగా చల్లారితే గానీ హెడ్డు బోల్టుల మీద పానా పెట్టనన్నాడు. వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్డు వంగిపోతుందట. హెడ్డు చదును చేయించాల్సి వస్తే వెళ్లాల్సిన లేత్ వర్క్స్ ఆదివారం సెలవు. అంటే సోమవారం దాకా కదిలేది లేదు. మేం ఆటోలో పిన్ని ఇంటికి చేరాం.

ఆదివారం తెల్లవారకుండానే అరసవల్లి వెళ్లాం. ఊరి నుంచి రెండు కిలోమీటర్లే. ఆదివారం కావడంతో అప్పటికే వరస బయటిదాకా ఉంది. నల్లరాతి సూర్యనారాయణస్వామి, రెండు చేతుల్లోనూ తామరమొగ్గలు. మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులు పొద్దుటి కిరణాలు సరాసరి స్వామి పాదాల మీద పడతాయి. మేం వెళ్లింది ఆ రోజుల్లో కాదు. అమ్మ పాదాలకేసి చాలాసేపు చూసింది. బయటకొచ్చాక "మొక్కు తీరింది, బండి సంగతి నువ్వు నిదానంగా చూసుకో" అంది. ఆ మాటతో నా టెన్షన్ సగం తగ్గింది.

మధ్యాహ్నం షెడ్డుకెళ్లేసరికి హెడ్డు దించడం మొదలైంది. ఎయిర్ ఫిల్టరు, కార్బొరేటర్ పైపులు, డిస్ట్రిబ్యూటరు వరసగా బల్ల మీదకి చేరాయి. ప్రతి పైపుకీ కుర్రాడు కాగితపు చీటీ కట్టాడు. పిస్టన్లనీ వాల్వులనీ ఒకే లయలో నడిపే టైమింగ్ బెల్టు తీసే ముందు మేస్త్రి గుర్తులు కలిపి, నన్ను పిలిచి చూపించి మరీ తీశాడు. హెడ్డు బోల్టులు చివరల నుంచి మధ్యకి, ఒక్కోటీ కొంచెం కొంచెం వదులు చేస్తూ వచ్చాడు. ఒకేసారి ఒక మూల విప్పేస్తే ఆ మూల ఎగదన్నుతుంది.

హెడ్డు పైకి లేచాక లోపల చూసింది ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. మూడు పిస్టన్లలో రెండు మసి పట్టి నల్లగా ఉన్నాయి. మూడోది మాత్రం బూడిదతో తోమిన సత్తు గిన్నెలా తళతళలాడుతోంది. నీళ్లు దాంట్లోకే పోయాయి. ప్రతి పేలుడుకీ ఆవిరై మసినంతా కడిగేశాయి. దాని పక్కనే పాత గ్యాస్కెట్ మీద, సిలిండర్ చుట్టూ ఉండే సన్న లోహపు రింగు చివర కాలి, నీళ్ల రంధ్రం దాకా నల్లటి చార. అగ్గిపుల్లంత వెడల్పు కూడా లేదు.

ఆ తరవాత మేస్త్రి హెడ్డు తిరగేసి, ఉక్కు స్కేలు నిలువుగా, అడ్డంగా, మూలకి మూలగా పెట్టి, సందు ఎంతుందో కొలిచే సన్నటి రేకుల ఫీలర్ గేజ్ దూర్చాడు. ఒకచోట 0.1 మి.మీ. రేకు సులువుగా దూరింది. మామూలు కాగితం మందం అంతే ఉంటుంది. అంత వంపున్న హెడ్డు కింద ఎంత మంచి గ్యాస్కెట్ వేసినా నిలవదు. బ్లాకు పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఎక్కువ సాగుతుంది. నీళ్లు లేకుండా కాగితే పైది సాగబోతుంది, కిందిది పట్టి ఉంచుతుంది, చివరికి వంగుతుంది.

మరి నీళ్లెందుకు చల్లబరచలేదు? దానికి జవాబు రేడియేటర్లో ఉంది. పైపు ఊడదీసి టార్చి వేస్తే సన్నటి గొట్టాల మూతులకి తెల్లటి గార, నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టినట్టు. సగం గొట్టాలు మూసుకుపోయాయి. ఊళ్లో తిరిగినంతకాలం ఎలాగో నెట్టుకొచ్చింది. హైవే మీద ఏకబిగిన వేగంగా వెళ్లేసరికి తట్టుకోలేకపోయింది. కింది హోసు బిగింపు వదులై ఉన్న కాసిన్ని నీళ్లూ కారిపోయాయి.

"ఏ నీళ్లు పోస్తన్నారు?"

మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు. నాన్న ఉన్నప్పుడు కూలెంట్, డిస్టిల్డ్ వాటరు కలిపి పోసేవారు. డబ్బా అయిపోయాక నేను కొళాయి పట్టేశాను. మూడేళ్లుగా అదే.

సోమవారం హెడ్డు వంపు చదును చేసే ఫేసింగుకి లేత్ వర్క్స్‌కి వెళ్లింది. రేడియేటర్ కూడా గొట్టాలు శుభ్రం చేయించడానికి వెళ్లింది. గ్యాస్కెట్, టైమింగ్ బెల్టు, కొత్త హోసులు విశాఖ నుంచి ఆర్టీసీ బస్సు పార్సిల్లో వచ్చాయి. గ్యాస్కెట్ ఖరీదు వెయ్యి రూపాయల్లోపే. ఖర్చంతా దాన్ని మార్చడానికి చేసే పనిదే. మేం ఆ పూట శ్రీకూర్మం వెళ్లొచ్చాం. రెండు ధ్వజస్తంభాలున్న గుడి. కూర్మనాథుడు పడమటి వైపు చూస్తుంటాడు. ఆవరణలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్లకి అమ్మ ఆకుకూర పెట్టింది. ఆ ఎండలో అవి తొందరేమీ లేకుండా నమిలాయి.

మంగళవారం బిగింపు. బ్లాకు మీది పాత గ్యాస్కెట్ ముక్కల్ని బ్లేడుతో, ఎక్కడా గీత పడకుండా గీకారు. బోల్టు రంధ్రాల్లో నిలిచిన నీళ్లని మేస్త్రి గాలి పైపుతో స్వయంగా ఊదాడు. అడుగున నీళ్లుండగా బోల్టు బిగిస్తే ఆ ఒత్తిడికి బ్లాకే పగలొచ్చు. గ్యాస్కెట్ పొడిగానే వేశాడు, జిగురేమీ పూయలేదు. ప్రతి రంధ్రం సరిపోయిందో లేదో వేలు పెట్టి చూశాడు. బిగించేటప్పుడు క్రమం తిరగబడింది. మధ్య నుంచి చివరలకి, మూడు విడతలుగా, కావలసినంత బిగువు రాగానే టక్కుమనే టార్క్ రెంచితో. చివరి విడతలో రెంచి టక్కుమన్న ప్రతిసారీ కుర్రాడు ఆ బోల్టు తల మీద సుద్దతో గీత పెట్టాడు.

నురుగెత్తిన పాత ఆయిల్ తీసేసి కొత్తది పోశాక, సాయంత్రం ఐదింటికి ఇంజన్ స్టార్టయింది. మొదట కాస్త పొగ వచ్చి, సైలెన్సర్లో మిగిలిన తడి ఆరాక ఆగిపోయింది. రేడియేటర్ మూత తీసి ఉంచి గాలంతా బయటకి పోయేదాకా కూలెంట్ పోస్తూ కూర్చున్నాడు. ఫ్యాను దానంతటది తిరిగి, దానంతటది ఆగేదాకా కదల్లేదు. తరవాత రేడియేటర్‌కి పైపుతో కలిసి ఉండే కూలెంట్ డబ్బా మీద నల్ల మార్కరుతో ఒక గీత గీశాడు.

"రేపు పొద్దుట ఇంజను సల్లగున్నప్పుడు సూడండి. గీత దిగితే నాకు ఫోన్ సెయ్యండి. దిగకపోయినా సెయ్యండి."

శ్రీముఖలింగం ఈసారికి మానుకున్నాం. రాత్రి రద్దీ తగ్గాక బయలుదేరి, అరవై దాటకుండా నడిపాను. చిలకపాలెం, రణస్థలం, భోగాపురం. ఊరు దాటిన ప్రతిసారీ అమ్మ "ముల్లెక్కడుంది?" అనేది. "సగంలోనే ఉందమ్మా" అనేవాణ్ణి. తగరపువలసలో గోస్తనీ వంతెన దాటాక అడగడం మానేసి నిద్రపోయింది.

పొద్దున్నే కిందికి దిగి బానెట్ ఎత్తాను. కూలెంట్ సరిగ్గా గీత మీదే ఉంది. ఆయిల్ మూత తీసి చూశాను, నురుగు లేదు. ఫోన్ చేసి చెప్పాను.

"అలాగుందా? మరైతే అయిదొందల కిలోమీటర్లు తిరిగాక ఆయిలు మార్పించీండి. కొత్తదాంట్లో పాత తడేమైనా మిగిలుంటే దాంతో పోతాది. అమ్మగారిని శ్రీముకలింగం తీసుకెళ్తానన్నారు కదా, వచ్చినప్పుడు ఇటేపు రండి, ఓపాలి సూస్తాను."