ఏరియేటర్ల మోతలో నా చదువు

2020 మార్చిలో బడులు మూతపడేనాటికి నేను నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలోని మా ఊరి ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతున్నాను. ఆ మూసివేత నాకు లోలోపల ఊరటగానే తోచిందని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుపడను. నాకు నత్తి ఉంది. క, త, ప అక్షరాలతో మొదలయ్యే మాటలు గొంతు దగ్గరే ఆగిపోతాయి. హాజరు పిలిచినప్పుడు ‘ప్రెజెంట్ సార్’ అనలేక ‘ఎస్ సార్’ అనడం అలవాటు చేసుకున్నాను. పాఠం వరసగా పైకి చదివించే రోజున నా ముందున్న తలలు లెక్కపెట్టి, నా వంతుకు ఏ పేరా వస్తుందో చూసుకుని, అందులో నాకు అడ్డుతగిలే మాటలెన్ని ఉన్నాయో వెతుక్కోవడంలోనే గంట గడిచిపోయేది. పాఠంలో ఏముందో మాత్రం తలకెక్కేది కాదు.

ఆ వేసవిలో దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు మొదలయ్యాయి. టీవీ నన్ను ప్రశ్నలు అడగదు కాబట్టి మొదటిసారిగా పాఠాన్ని పాఠంగా విన్నాను. తరువాత ఫోనులో వీడియోలు వచ్చాయి. అర్థం కాని లెక్కను నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూసినా విసుక్కునేవారు లేకపోవడం ఎంత సుఖమో నత్తి లేనివారికి కూడా తెలిసే ఉంటుంది.

అయితే ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అది మా నాయనది. ఆయన రాత్రిపూట రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండేవారు. చీకటి పడ్డాక నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది కనుక నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగకూడదు. కరెంటు పోతే వెంటనే జనరేటర్ వేసి యజమానికి కబురు చెప్పాలి, అందుకు ఫోను కావాలి. కాబట్టి ఫోను వెంట నేనూ గుంట గట్టు మీది షెడ్డుకు వెళ్లడం మొదలుపెట్టాను.

ఇంగ్లీషు చదివించే యాప్ ఒకటి ఎవరో చెప్పగా వేసుకున్నాను. తెర మీద వాక్యం వస్తుంది, మనం పైకి చదవాలి, సరిగ్గా పలికిన మాట రంగు మారుతుంది, కథ పూర్తయితే చుక్కలు ఇస్తుంది. ఎవరూ నవ్వరు కదా అని ఎంతో ఆశగా కూర్చున్నాను. ‘పీకాక్’ అనే మాట దగ్గర నా నోరు బిగుసుకుపోయింది. ఆ రెండు మూడు క్షణాల నిశ్శబ్దాన్ని నేను చదవడం మానేసినట్లుగా లెక్కగట్టి అదే ఆ మాటను పలికి చూపించింది. మళ్లీ ప్రయత్నిస్తే ‘పీ, పీ, పీ’ అన్న నా ప్రతి తడబాటూ ఒక తప్పు మాటే అయింది. నాకు ఆ మాట తెలుసు, దాని అర్థం తెలుసు, అక్షరాలు తెలుసు. అది దిద్దుతున్నది నాకు లేని తప్పును.

ఒక రాత్రి షెడ్డులో ఉక్కగా ఉండి గట్టు చివర, ఏరియేటర్ చక్రాలు నీటిని చిమ్ముతున్న చోట కూర్చుని చదివాను. ఆ మోతలో నా గొంతు నాకే వినిపించలేదు. పేజీ అయిపోయాక వెనక నుంచి మా నాయన అన్నారు: “అబ్బయ్యా, ఇందాకట్నుంచి ఇంటా ఉండా, ఒక్కసారి గూడా తగల్లేదే నీకు!”

నిజమే, ఎక్కడా ఆగలేదు. అయితే తెర మీద ఒక్క మాట రంగు కూడా మారలేదు, ఎందుకంటే అంత మోతలో యాప్‌కు నేనూ వినబడలేదు. షెడ్డులోకి వస్తే దానికి వినబడతాను కానీ నత్తి వస్తుంది. గట్టు చివరికి వెళితే నత్తి పోతుంది కానీ దానికి వినబడను. ఫోను పట్టుకుని ఆ రెండు చోట్ల మధ్య ఎన్ని రాత్రులు అడుగులు కొలుచుకున్నానో! రెండూ కుదిరే స్థలం ఆ గట్టు మీద దొరకలేదు.

తన గొంతు తనకు వినబడకుండా చప్పుడు కమ్మేస్తే చాలామందికి నత్తి తగ్గుతుందనీ, మరొకరితో గొంతు కలిపి చదివినా అంతేననీ ఇంజనీరింగ్‌లో చేరాక చదివి తెలుసుకున్నాను. తరగతి మొత్తం కలిసి పద్యం అప్పజెప్పినప్పుడు నేను ఎన్నడూ ఎందుకు తడబడలేదో అప్పుడు అర్థమైంది. మాటను గుర్తించే సాఫ్ట్‌వేర్ సాధారణంగా నిశ్శబ్దం ఎంతసేపు ఉందో చూసి మాట ముగిసిందని నిర్ణయిస్తుంది. దానికి నేర్పడానికి వాడే గొంతులు కూడా ఎక్కువగా తడబడనివే.

2020 నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకు రోజు విడిచి రోజు బడి తెరిచారు. ఇంగ్లీషు టీచరుగారు నన్ను చదవమన్నారు, నేను ఆగిపోయాను, ఆమె జాలితో ఆ మాటను తానే అందించారు. అచ్చం యాప్ చేసిన పనే! మనుషులంతా యంత్రాల కంటే ఓపికపరులని నేను చెప్పలేను. ఆ సాయంత్రం నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం మీద “మేడమ్, మాట నాకు తెలుసు, దయచేసి అందించకండి, ఆలస్యమైనా నేనే చెబుతాను” అని రాసి ఆమె బల్ల మీద పెట్టాను. తరువాతి తరగతిలో ఆమె అందించలేదు. కిటికీ వైపు చూస్తూ నిలబడ్డారు, ఎవరో నవ్వబోతే వాడి వైపు చూశారు. నాలుగు వరుసలు చదవడానికి చాలాసేపే పట్టింది. యాప్‌కు అలాంటి చీటీ రాసి ఇవ్వడానికి సెట్టింగుల్లో ఎక్కడా చోటు కనిపించలేదు.

2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చినప్పుడు మా చెల్లెలికీ ఒకటి వచ్చింది. పాఠాలు ముందే అందులో ఉన్నాయి కాబట్టి నెట్ లేకపోయినా నడిచేది. రాత్రి భోజనాలయ్యాక చెల్లెలు జీవశాస్త్రం పెట్టుకుంటే, నేను వెనక కూర్చుని వీడియోలోని గొంతుతో పాటే ‘కణం, కణకవచం, కేంద్రకం’ అని పైకి చదివేవాణ్ణి. ‘క’ ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. చెల్లెలు మాత్రం అన్న తనను వెక్కిరిస్తున్నాడని అమ్మతో చెప్పి, ట్యాబు తీసుకుని వంటింట్లోకి వెళ్లి కూర్చుంది.