పత్రి గుర్తుపట్టడానికి ఓ ఆదివారం

పెదవాల్తేరులో రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలో బయోడైవర్సిటీ పార్క్ ఉందని విశాఖలో చాలామందికి తెలుసు. లోపలికి వెళ్లి చూసినవాళ్లు మాత్రం తక్కువే. చుట్టాలొస్తే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి, సింహాచలం తిప్పి రైలెక్కిస్తాం. ఎంవీపీ కాలనీలో ఇన్నేళ్లుగా ఉంటున్న మేమూ అంతే. ఈసారి వెళ్లామంటే వినాయక చవితి పుణ్యమే.

పోయినేడాది మార్కెట్లో కొన్న పత్రి కట్టలో సగం క్రోటన్ ఆకులున్నాయి. "ఇరవై ఒకటీ ఉన్నాయమ్మా" అని ఒట్టేసి మరీ అమ్మాడతను. మా అత్తయ్య కట్ట విప్పి చూసి, "ఇది పత్రేటి? మేకలకి కూడా ఎయ్యం" అని మామిడి రెమ్మ, రేగు కొమ్మ ఉంచి మిగతాది పక్కన పడేశారు. నేను పరవాడ వైపు ఓ మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తాను. లేబుల్ మీద ఒకటి, డబ్బాలో ఇంకొకటి ఉంటే ఆ బ్యాచ్ గేటు దాటదు. అలాంటిది ఇంట్లో పూజ దగ్గర ఏ ఆకు ఏదో తెలియకపోతే ఎలా అనిపించింది. అందుకే ఈ ఏడు చవితికి ముందే ఒక ఆదివారం పొద్దున్నే అత్తయ్యను బయల్దేరదీశాను. ఆవిడది పలాస దగ్గర పల్లెటూరు. చెట్టూచేమా అంటే ప్రాణం. వస్తూ వస్తూ సంచీలో రెండు ఖాళీ కవర్లు పెట్టుకున్నారు. అక్కడ ఆకు కూడా తుంచకూడదని ఆటోలోనే చెప్పేశాను. "తుంచకుండా పత్రి ఏటి?" అన్నారు గానీ కవర్లు మళ్లీ బయటికి తీయలేదు.

దారిలో కరకచెట్టు పోలమాంబ గుడి దగ్గర ఆటో ఆపించి దండం పెట్టుకున్నాం. పెదవాల్తేరు గ్రామదేవత ఇంటిపేరే కరకచెట్టు. కరక్కాయ కాసే ఆ చెట్టు మన తూర్పు కనుమల అడవుల్లో పుట్టి పెరిగేదే.

పార్కు చిన్నదే. నగరాభివృద్ధి సంస్థ (అప్పటి వుడా, ఇప్పటి వీఎంఆర్‌డీఏ) డాల్ఫిన్ నేచర్ కన్జర్వేషన్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి పెంచిన తోట ఇది. ఆ కాస్త జాగాలోనే 2,000 పైచిలుకు రకాల మొక్కలున్నాయంటారు. కాక్టస్‌లు, బోన్సాయ్‌లు, నీటిమొక్కలు, పురుగుల్ని తినే మొక్కలు... పిల్లలతో వెళ్తే వీటి దగ్గరే గంట గడిచిపోతుంది. మేం గబగబా దాటేశాం. బోన్సాయ్ మర్రిని చూసి మాత్రం అత్తయ్య, "పాపం, దీన్నెందుకు ఇలా చేసినారు" అన్నారు. నాకూ బోన్సాయ్ మీద పెద్ద మోజు లేదు.

మాకు కావలసింది నవగ్రహ వనం. సూర్యుడికి జిల్లేడు, చంద్రుడికి మోదుగ, కుజుడికి చండ్ర, బుధుడికి ఉత్తరేణి, గురువుకి రావి, శుక్రుడికి మేడి, శనికి జమ్మి, రాహువుకి గరిక, కేతువుకి దర్భ. జ్యోతిషం మీద నమ్మకం ఉన్నా లేకపోయినా ఈ తొమ్మిదీ మన నేలలో మొలిచేవే. పైగా జిల్లేడు, ఉత్తరేణి, రావి, జమ్మి, గరిక చవితి పత్రిలో కూడా ఉన్నాయి. ఒక్కచోట నిలబడితే ఐదు ఆకులు తేలిపోయాయి. నక్షత్ర వనం దగ్గర జనం తమ నక్షత్రం చెట్టు వెతుక్కుని సెల్ఫీలు తీసుకుంటున్నారు. నాది రోహిణి కాబట్టి నేరేడు. అత్తయ్యది మఖ, మర్రి. "ఆ కుండీలోదానికంటే ఇదే నయం" అన్నారు.

అక్కడ ఆవిడకి వింతగా తోచింది ఒక్కటే. "ఉత్తరేణికి బోర్డేటమ్మా! మా ఊళ్లో గట్ల మీద దీన్ని పీకలేక చస్తాం." అలా అంటూనే నా చెయ్యి పట్టుకుని ఆ మొక్క గింజల వెన్ను మీద పెట్టి పై నుంచి కిందికి దువ్వించారు. నున్నగా జారింది. ఇప్పుడు కింది నుంచి పైకి అన్నారు. చురుక్కుమని గుచ్చుకుంది. వెన్ను నిటారుగా పెరుగుతుంది గానీ గింజలు తలకిందులుగా, కాండానికి అతుక్కుని ఉంటాయి. ఒక్కో గింజకీ రెండు ముళ్లలాంటి పొరలు, మొనలు నేల వైపు. పక్కనుంచి వెళ్లే చీర అంచో మేక బొచ్చో తగిలితే చాలు, ఊడొచ్చి పట్టుకుంటాయి. కాళ్లు లేని మొక్క ఊరు దాటే ఉపాయం అది. ఆకు ఒక్కటే చూస్తే నేను గుర్తుపట్టలేకపోయేదాన్నేమో గానీ ఆ వెన్నుని ఇక చచ్చినా మర్చిపోను.

ఇరవై ఒక్క పత్రాల్లో ఒకటి మాత్రం మన కొండల్లో ఎంత వెతికినా దొరకదు. దేవదారు. అది హిమాలయాల్లో పెరిగే చెట్టు, ఆకులు సూదుల్లా ఉంటాయి. మన దగ్గర ఆ పేరుతో పూజలోకి వచ్చేది నరమామిడి, అదే అపార్ట్‌మెంట్ల గోడల వెంట స్తంభాల్లా నిలబడే చెట్టు. దాన్నే సగం ఊరు అశోక అంటుంది. నిజం అశోకకి నారింజ రంగు పూలు గుత్తులుగా పూస్తాయి, నరమామిడికి పూసేవి ఆకుపచ్చ పూలు. మా ల్యాబ్‌లో అయితే పేరుకీ సరుక్కీ తేడా ఉందని దీని మీద డీవియేషన్ రిపోర్టు రాయాల్సి వచ్చేది.

కంచె పక్కన ఈశ్వరి తీగ దగ్గర చాలాసేపు ఆగిపోయాం. ఆకు అడుగున ముదురు రంగు గొంగళిపురుగు ఒకటి, ఒళ్లంతా ఎర్రటి మెత్తని కొమ్ములతో, ఆకుని అంచు నుంచి వరసగా నములుతోంది. క్రిమ్సన్ రోజ్ అనే సీతాకోకచిలుక పిల్ల అది. నల్ల రెక్కలు, ముందు రెక్కల మీద తెల్లటి పట్టీలు, వెనక రెక్కల మీద ఎర్ర చుక్కలు, ఎర్రటి ఒళ్లు ఉన్న సీతాకోకచిలుకని మన ఊళ్లో చూసే ఉంటారు. దాని పురుగు తినేది ఈశ్వరి జాతి ఆకే. ఆకులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది, అందుకే పిట్టలు దాని జోలికి రావు. తమాషా ఏంటంటే, మన పెరట్లో కరివేపాకు మీద గుడ్లు పెట్టే కామన్ మోర్మన్ అనే సీతాకోకచిలుకల్లో కొన్ని ఆడవి అచ్చం దీని వేషమే కడతాయి. వాటి ఒంట్లో విషమేమీ ఉండదు. ఒళ్లు చూస్తే దొరికిపోతాయి, ఎర్రగా ఉండదు, నల్లగా ఉంటుంది.

"పాము కరిస్తే దీని వేరే నూరి పోసేవోళ్లు" అన్నారు అత్తయ్య. అప్పుడు నాలోని ల్యాబ్ మనిషి ఊరుకోలేదు. ఈ తీగలో ఉండేది అరిస్టోలోకిక్ యాసిడ్, కిడ్నీల్ని పాడుచేస్తుంది, క్యాన్సర్ కూడా తెప్పిస్తుంది, పాము కరిస్తే ఆసుపత్రికే పరిగెత్తాలి అని చెప్పాను. కిడ్నీ అన్న మాట వినగానే ఆవిడ తీగకి దూరంగా జరిగారు. పలాస చుట్టుపక్కల ఉద్దానం మనుషుల దగ్గర ఆ మాట ఎత్తితే అంతే. ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు డయాలసిస్ మీద ఉన్న ఊళ్లు చూసి వచ్చారావిడ. అక్కడి జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, నేను చెప్పింది ఈ ఆకు సంగతి మాత్రమే అని సర్దిచెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మళ్లీ మామూలు మనిషయ్యింది నాతో తగువుపడ్డాకే. తగువు జీడిమామిడి మీద. జీడి మన చెట్టు కాదు, 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చారని నోరు జారాను. "జీడి మనది కాదా? నీకెవరు సెప్పినారు? మా తాతల కాలం నుంచి తోటలున్నాయి!" అని కయ్యిమన్నారు. గుళ్లలో శివుడి చెట్టని పూజించే నాగమల్లి కూడా దక్షిణ అమెరికాదేనంటే అసలు నమ్మలేదు. "అయితే మాదేటి, ఉత్తరేణేనా?" నల్లజీడి ఉంది కదా అన్నాను. అప్పుడు కాస్త మెత్తబడ్డారు. చాకలివాళ్లు బట్టల మీద గుర్తులు పెట్టే ఆ నల్లగింజ రసం అంటి చిన్నప్పుడు మోచెయ్యి బొబ్బలెక్కిందట, మచ్చ చూపించారు. మామిడి, జీడిమామిడి, నల్లజీడి మూడూ ఒకే కుటుంబం. పలాస జీడి ఎక్కడ పుట్టిందన్నది చివరికి మా మధ్య తేలలేదు. నాలుగు వందల ఏళ్లున్నాక ఇంకా పరాయిదేమిటన్న ఆవిడ వాదనకి నా దగ్గర గట్టి జవాబు లేదు కూడా. కానీ కొండల మీద మన పొదల్ని నొక్కేస్తున్న లాంటానాకి అదే మాట వర్తిస్తుందంటే మాత్రం ఒప్పుకోను.

తిరిగొచ్చేటప్పుడు నేను వెతికింది అంకుడు చెట్టు. ఏటికొప్పాక లక్క బొమ్మలు దీని కర్రతోనే చేస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది బొమ్మలకే, చెట్టుని ఎవరూ పట్టించుకోరు. సన్నటి మాను, తెల్లటి పూలు. జంటగా వేలాడే పొడుగాటి కాయలు రెండూ చివర మాత్రం అతుక్కుని ఉంటాయి. ఆకు తుంచితే పాలు కారతాయి. లేత రంగు కర్ర, మెత్తన, కర్రని తిప్పుతూ చెక్కే తరిణి మీద సుళువుగా తిరుగుతుంది, లక్క బాగా పడుతుంది. మా వాడు ఆడుకునే బొంగరం ఏ చెట్టుదో వాడికి చూపించాలని రెండు ఫొటోలు తీసుకున్నాను.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌కి మా అపార్ట్‌మెంట్ గేటు పక్క తురాయి చెట్టు గోడ మీద పడింది. అప్పటి నుంచి ఆ గుంటలో ఏదో ఒకటి పాతడం, అది ఎండిపోవడం. ఈసారి అంకుడు పెడదామని ఆ ఫొటోలు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "నీడ రాదేమో", "పాలు కారితే కార్లు పాడవుతాయి", "కోనోకార్పస్ అయితే నీట్‌గా ఉంటుంది" అని వరసగా మెసేజ్‌లు. ఓటింగ్ పెట్టారు. నేను రాసే సమయానికి అంకుడికి రెండు, కోనోకార్పస్‌కి పదకొండు. అంకుడి ఓట్లలో ఒకటి నాది, రెండోది మా ఆయనది. అత్తయ్య ఫోన్ తీసుకుని ఎవరినీ అడగకుండా జీడిమామిడికి వేశారు.