తాడు గట్టిదే, మరి కొమ్మ?

పాకాల దగ్గర మా ఊళ్లో ఇంటి వెనక ఉన్న చింతమాను మా తాత నాటింది. ఫిబ్రవరి వచ్చిందంటే కాయ పండుతుంది. ఏటా వచ్చి మానెక్కి దులిపే పెద్దాయన పోయినేడు వేరేచోట కొమ్మ విరిగి పడి మంచం పట్టాడు. ఆ తర్వాత ఇంకొకరిని ఎక్కమని అడగడానికి నాకు నోరు రాలేదు. నేనే ఎక్కుతానన్నాను, ఒంటికి తాడు కట్టుకుని.

చిత్తూరు బజారులో ఒక అంగట్లో ‘నైలాన్, టన్ను మోస్తుంది’ అంటే పచ్చ తాడు ముప్పై మీటర్లు తెచ్చాను. మా పెద్దమ్మ కొడుకు బెంగళూరులో తాడుకు వేలాడి పెద్ద బిల్డింగుల అద్దాలు తుడుస్తాడు. పండక్కి వచ్చినప్పుడు ఆయనకు చూపిస్తే ఏమీ మాట్లాడకుండా చిన్న ముక్క కోసి బకెట్ నీళ్లలో వేశాడు. తేలింది. ‘నైలాన్ అయితే మునుగుతుంది తమ్ముడూ. ఇది పాలీప్రొపిలీన్. ఎండకు పెళుసెక్కుతుంది, రాపిడి వేడికి కరుగుతుంది. గడ్డిమోపుకు కట్టుకో, ఒంటికి వద్దు’ అన్నాడు.

మనుషులు వేలాడటానికే చేసిన తాడు వేరు. లోపల పోగులు బరువు మోస్తాయి, పైన అల్లిన తొడుగు వాటిని కాపాడుతుంది. నేను తెప్పించింది 11 మిల్లీమీటర్లది, చీటీ మీద ఈఎన్ 1891 టైప్ ఎ అని ఉంది, ఇలాంటి తాళ్లకు ఐరోపా ప్రమాణం అది. అంటే కనీసం 22 కిలోన్యూటన్ల దాకా తెగకూడదు, మన లెక్కలో రెండు వేల రెండొందల కిలోల పైమాటే. ఇంత బలం ఎందుకన్నాను. ముడి వేసిన చోట మూడో వంతు దాకా బలం పోతుందట. మిగిలిన దాంట్లో పదో వంతే మనం వాడుకోవాలి. అలా చూస్తే నూట యాభై కిలోల దగ్గర ఆగుతుంది. నా బరువు 72.

నా కళ్లు తెరిపించింది మాత్రం తాడు కాదు, స్ప్రింగ్ తక్కెడ. అన్న దాన్ని వసారా దూలానికి తగిలించి, దాని కొక్కేనికి బావి గిలక కట్టాడు. గిలక మీదుగా తాడు వేసి ఒక కొసకు పది కిలోల చింతపండు మూట, రెండో కొస కింద స్తంభానికి. ముల్లు ఇరవై దాటి నిలబడింది! మూటను ఒక పక్క తాడు లాగుతుంటే, అది పడిపోకుండా రెండో పక్కా అంతే లాగాలి కదా. తాడును కొమ్మ మీదుగా వేసి కొసను మాను మొదట్లో కట్టి నేను వేలాడితే ఆ కొమ్మ మీద పడేది 72 కాదు, దాదాపు 144. రెండు కొసలూ నా నడుముకే ఉంటే నా బరువు ఒక్కటే పడుతుంది. ఇన్నేళ్లూ తాడు తెగుతుందా అని భయపడ్డానే గానీ, కొమ్మ సంగతి ఆలోచించనే లేదు.

మొదట నేను చూపించిన కొమ్మ లావుగా, సూటిగా ఉంది. దాని మీద కాయ ఒక్కటీ లేదని అన్నే గమనించాడు. సన్న దారానికి ఇసుక సంచి కట్టి విసిరి, తాడు పైకి లాగి, ఇద్దరం పక్కకు జరిగి దూరం నుంచి తాడును గట్టిగా ఊపి లాగాం. రెండో ఊపుకే కొమ్మ టప్పున విరిగింది. మేం కిందే నిలబడి ఉంటే తల మీదే పడేది. లోపలంతా చెద. నాకు చేతులు వణికాయి.

రెండోసారి బోదెకు ఆనుకుని ఉన్న పంగ ఎంచుకున్నాం. పచ్చి కొమ్మ, నా తొడంత లావు. మాను మొదట్లో పుట్టగొడుగులు, తొర్రలు లేవని చుట్టూ తిరిగి చూశాం. సుత్తితో తట్టితే ఎక్కడా డొల్ల శబ్దం లేదు. ఇద్దరం వేలాడితే కదల్లేదు.

హెల్మెట్, హార్నెస్ (నడుముకూ తొడలకూ బిగించుకునే పట్టీలు) వేసుకుని ఎక్కాను. తాడు వదులు కాకుండా చూసుకోమని అన్న కింద నుంచి అరుస్తూనే ఉన్నాడు. ఇలాంటి తాడు పెద్దగా సాగదు, మూడడుగులు జారి పడ్డా నడుము విరిచే కుదుపు వస్తుంది. దులిపేటప్పుడు రెండో తాడు కూడా బోదెకు చుట్టుకున్నాను.

సాయంత్రానికి కాయంతా కిందికి దిగింది. ట్రాక్టర్‌లో మూటలు కట్టడానికి నాయన ఆ తాడు అడిగాడు. ఇవ్వలేదు. పచ్చ తాడు ఇచ్చాను.