మిసో సూప్ సంగతి అమ్మకు చెప్పాక

మేం తరతరాలుగా శాకాహారులం. నేను బయట గుడ్డు వరకు తింటాను గానీ అమ్మకు అదీ లేదు, పైగా కార్తీకం వచ్చిందంటే ఉల్లి, వెల్లుల్లి కూడా బంద్. అలాంటి మనిషిని 2024 నవంబర్‌లో, సరిగ్గా కార్తీక మాసంలోనే, జపాన్ తీసుకెళ్లాను. ఆఫీసు పని మీద నేను వారం రోజులు టోక్యోలో ఉండాలి, దానికి ఇంకో వారం సెలవు కలుపుకుంటే అమ్మకూ చూపించొచ్చు కదా అనుకున్నా. నాన్న పోయాక ఆమె మల్కాజ్‌గిరి దాటి పెద్దగా ఎక్కడికీ వెళ్లలేదు. వీసా, టికెట్లు పెద్ద కష్టం లేకుండానే అయిపోయాయి. టెన్షన్ అంతా తిండి గురించే, అందుకే అదే వివరంగా రాస్తున్నా. పెద్దవాళ్లను తీసుకెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుంది.

ముందు విమానం సంగతి. టికెట్ బుక్ చేసేటప్పుడు హిందూ మీల్ అని కనిపిస్తే అది శాకాహారమే అనుకోకండి, అందులో చికెన్, చేప కూడా ఉండొచ్చు. మనకు కావలసింది ఏషియన్ వెజిటేరియన్, దాని కోడ్ ఏవీఎంఎల్. ఊరగాయలు చేతి బ్యాగులో పెడితే శంషాబాద్ సెక్యూరిటీలో ఆపేసే అవకాశం ఎక్కువ కాబట్టి అన్నీ చెకిన్‌లో వేశాం. అమ్మ ఎండు కొబ్బరి చిప్పలు కూడా సర్దింది, అవి నూనె ఎక్కువుండి మండే సరుకు కింద లెక్క, బ్యాగేజీలో పెట్టనివ్వరని తీయించాను. పచ్చి కరివేపాకు కూడా తీసేయించాను, ఎందుకంటే జపాన్‌లోకి పచ్చి కూరలు, పండ్లు, ఆకులు తనిఖీ సర్టిఫికెట్ లేకుండా రానివ్వరు. కరివేపాకు దగ్గర మాత్రం చాలాసేపు వాదన అయింది.

చిన్న కరెంటు కుక్కర్ ఒకటి తీసుకెళ్లాం. నేను ముందే చూసుకోవలసింది, చూసుకోలేదు. జపాన్‌లో కరెంటు 100 వోల్టులు, మనది 230. ప్లగ్గు అడాప్టర్ పెడితే దూరుతుంది, కుక్కర్ ఆన్ కూడా అవుతుంది, కానీ వోల్టేజీ సగం కంటే తగ్గేసరికి వేడి అయిదో వంతు కూడా రాదు. గంట చూశాం, బియ్యం గోరువెచ్చటి నీళ్లలో నానుతూ కూర్చుంది. అమ్మ మూత తీసి వేలు పెట్టి చూసి, ఏమీ అనకుండా మళ్లీ మూత పెట్టింది. అన్నం గురించి అమ్మను అలా నిస్సహాయంగా నేనెప్పుడూ చూడలేదు.

ఆ రాత్రి పక్కనే ఉన్న కన్వీనియన్స్ స్టోర్‌లో వండిన అన్నం ప్యాకెట్లు దొరికాయి, 200 గ్రాములది ఒక మనిషికి సరిపోతుంది, మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు. వాళ్ల బియ్యం పొట్టిగా, జిగురుగా ఉంటుంది. పప్పులో కలిపితే ముద్ద కట్టేస్తుంది గానీ పెరుగన్నానికి మాత్రం మన సోనామసూరి కంటే బాగుందని అమ్మే అంది. సాదా పెరుగు 400 గ్రాముల డబ్బాల్లో అన్ని చోట్లా ఉంది. ఇక తిండికి ఢోకా లేదనుకున్నాను.

హోటల్‌లో పొద్దున టిఫిన్ ఉచితం. అన్నం, సముద్రపు నాచు, టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది) ముక్కలు వేసిన మిసో సూప్. మిసో అంటే సోయా గింజలు పులియబెట్టి చేసిన ముద్ద. చలికి వేడివేడిగా ఉందని అమ్మ మూడు రోజులు వరసగా ఆ సూప్ తాగింది, రెండో రోజు రెండు గిన్నెలు. మన చారులా ఉందే, ఇంగువ తగలాలి అంతే, అంది. నాకెంత సంతోషమో.

మూడో రోజు లంచ్‌లో మా టీమ్‌లో ఒకావిడతో ఈ మాటే గొప్పగా చెప్పాను. ఆవిడ చెంచా కింద పెట్టి, మీ అమ్మగారు చేప తింటారా అని అడిగింది. అప్పుడు చెప్పింది దాషి గురించి. జపాన్ వంటలో దాదాపు ప్రతి దానికీ ఆధారం ఆ రసం. కొంబు అనే నాచుతోనూ చేస్తారు, కానీ ఎక్కువగా అందులో కత్సువోబుషి పడుతుంది. బోనిటో చేపను ఉడికించి, పొగ పట్టించి, కర్రలా ఎండబెట్టి, వడ్రంగి చిత్రిక పట్టినట్టు పొరలు పొరలుగా గీస్తారు. కొన్ని చోట్ల చిన్న ఎండు చేపలు వేస్తారు. రసం వడకట్టేస్తారు కాబట్టి గిన్నెలో ముక్క కనిపించదు, వాసన కూడా అంత తెలీదు. సోబా నూడుల్స్ ముంచుకునే పులుసులో అదే, కూరగాయల టెంపురా (మన బజ్జీల్లాంటివి) పక్కనిచ్చే పులుసులో అదే. వాళ్ల దృష్టిలో అది చేప తినడం కాదు, మనం కూరలో ఉప్పు వేసినట్టు. అందుకే నేను వెజిటేరియన్ అని అడిగినప్పుడల్లా అవునవునని తలాడించారు, అందులో ఎవరి మోసమూ లేదు.

అమ్మకు చెప్పాలా వద్దా అని ఆ సాయంత్రం ట్రైన్‌లో ఒకటే మథనం. చెప్పకపోతే రేపటి నుంచి ఏదో ఒక వంకతో సూప్ మాన్పించొచ్చు. కానీ ఆమె నన్ను నమ్మి, నేను పెట్టినది తిన్నది. చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు. వెళ్లి నోరు కడుక్కుని వచ్చి, ఫోన్‌లో ఉన్న వెంకటేశ్వరస్వామి బొమ్మకు దండం పెట్టుకుని, రాత్రి ఏమీ తినకుండా పడుకుంది. లైటు తీసేశాక అంది: "తెలియక తాగింది నన్నంటదులే. తెలిసి నువ్వు దాచి ఉంటే మాత్రం నిన్నంటేది." నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు ఆ కొలీగే ఒక కార్డు రాసి ఇచ్చింది. మాంసం, చేప, గుడ్డు తినరు, చేప దాషి కూడా వద్దు అని వాళ్ల లిపిలో. ఈ కార్డు విలువ అక్కడికి వెళ్తే గానీ తెలీదు. మాంసం వద్దు అంటే బేకన్ ముక్కలు వేసి తెచ్చే చోట్లున్నాయి, మాంసమంటే వాళ్లకు ముందు గుర్తొచ్చేది బీఫ్, పంది. కార్డు చూశాక రెండు హోటళ్లలో వంటాయన స్వయంగా బయటికొచ్చి, వంగి నమస్కరించి, మా దగ్గర మీరు తినగలిగింది లేదని చెప్పాడు. మొదట బాధేసింది. తర్వాత అర్థమైంది, ఏదో ఒకటి పెట్టి పంపేయకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఎంత మర్యాదో.

దుకాణంలో దొరికే అన్నం త్రికోణాలు, ఒనిగిరి, మాకు ప్రాణం నిలబెట్టాయి. ఉమెబోషి అని ఉప్పులో ఊరేసిన ఒక రకం పండు లోపల పెట్టినవి ఉంటాయి. అమ్మ కొరికి కళ్లు మూసుకుని, చింతకాయ తొక్కు అనింది. అయితే వాటిలో కూడా కొన్నిటిలో చేప సారం కలుపుతారు, వెనకున్న లేబుల్‌ను ఫోన్ కెమెరాతో అనువాదం చేసుకుని చదివాకే కొన్నాం. బ్రెడ్డు, బిస్కెట్లలో పంది కొవ్వు ఉండొచ్చు, అవీ చదవండి.

కార్తీక సోమవారం అమ్మ ఉపవాసం. చుక్క కనిపించాకే భోజనం. నవంబర్‌లో టోక్యోలో నాలుగున్నరకే సూర్యాస్తమయం, మన దగ్గర కంటే గంట పైనే ముందు. హోటల్ కిటికీలోంచి చుక్క చూసి దండం పెట్టుకుని, నిషి కసాయ్ వెళ్లాం. అక్కడ మనవాళ్లు చాలామంది ఉంటారు, 2000 ప్రాంతంలో సాఫ్ట్‌వేర్ పనికి వచ్చినవాళ్లతో పెరిగిన పేట. ఉల్లి లేకుండా ఇడ్లీ, చట్నీ పెట్టించుకుని తిన్నది.

వెళ్లేటప్పుడు ట్రైన్‌లో పిన్ని వీడియో కాల్ చేసింది. అమ్మ అలవాటుగా గట్టిగా హలో అంది. డబ్బా అంతా నిశ్శబ్దం, ఎవరూ ఏమీ అనలేదు, తల కూడా తిప్పలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. నేను ఫోన్ లాగేసుకుని కట్ చేశాను. నేనేం తప్పు చేశానే, అని అమ్మ ముఖం చిన్నబోయింది. రైళ్లలో ఫోన్ మాట్లాడరని ముందే చెప్పడం మర్చిపోయింది నేను. బాత్రూముల గురించి మాత్రం భయం వద్దు, హోటళ్లలో, స్టేషన్లలో చాలా చోట్ల నీళ్లొచ్చే కమోడ్లే.

క్యోటోలో జెన్ బౌద్ధ ఆలయాల వంట, షోజిన్ ర్యోరి, ముందుగా బుక్ చేసుకుని తిన్నాం. మాంసం, చేప ఉండవు, రసం కొంబుతో, ఎండు పుట్టగొడుగులతో చేస్తారు, ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. ఈ మాట విని అమ్మ, వీళ్లకూ కార్తీకమేనా అని అడిగింది. నువ్వులతో చేసిన గోమా టోఫు రెండుసార్లు అడిగి పెట్టించుకుంది.

తిరుగు ప్రయాణానికి ముందు ఆదివారం కొలీగ్ వాళ్లింటికి భోజనానికి పిలిచింది, యోకొహామాలో. వాళ్ల అమ్మగారు కూడా ఉన్నారు. అమ్మకు పుల్లలతో తినడం రాక, వాటిని అన్నం గిన్నెలో నిలువుగా గుచ్చి చెంచా అందుకుంది. పెద్దావిడ చెయ్యి ఒక్క క్షణం ఆగిపోయింది. తర్వాత నెమ్మదిగా ఆ పుల్లలు తీసి పక్కన పడుకోబెట్టింది. నేను కారణం అడిగితే కూతురు కాస్త ఇబ్బందిపడుతూనే చెప్పింది: చనిపోయినవారి తల దగ్గర పెట్టే అన్నంలో అలా గుచ్చుతారట. పుల్ల నుంచి పుల్లకు ముక్క అందించుకోవడమూ తప్పే, దహనం తర్వాత ఎముకలను ఇద్దరు కలిసి పుల్లలతోనే ఏరి కుండలో వేస్తారు కాబట్టి.

నేను తెలుగులో చెప్పగానే అమ్మకు వివరణ అక్కర్లేకపోయింది. పిండం అంది. మీ నాన్నకు మూడో రోజు అస్థికలు ఏరాం కదా, వీళ్లకూ అంతే, అంది. పెద్దావిడ వైపు తిరిగి చేతులు జోడించింది. నేను ఆ మాటలు ఇంగ్లిషులో చెప్పడం, కూతురు జపనీస్‌లో చెప్పడం, పెద్దావిడ తన భర్త ఫొటో ఉన్న గూడు వైపు చూపించడం, అందరం కాసేపు తినడం మానేశాం.

తర్వాత కొలీగ్ సూప్ తెచ్చింది. అమ్మ ముఖం మారడం ఆవిడ గమనించినట్టుంది, వంటింట్లోకి వెళ్లి గిన్నె ఒకటి పట్టుకొచ్చింది. అందులో రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టిన కొంబు ముక్క, నల్లగా, జారుతూ, అరచేయంత. ఇదొక్కటే వేశానని వేలు చూపించింది. అమ్మ ఆ ముక్కను చేత్తో తీసి చూసింది, వాసన చూసింది, తిరిగి నీళ్లలో పెట్టి, గిన్నె ఎత్తి సూప్ తాగింది. ఖాళీ చేసి పెద్దావిడ వైపు చాపింది, ఇంకొంచెం పోయమని.