మూడో స్క్రీన్ కూడా వెలిగింది

కంప్యూటర్లో కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించి స్విచ్ వేయగానే మూడు మానిటర్లూ ఒకేసారి వెలిగాయి. ఒకదాంట్లో ఎక్సెల్, ఇంకోదాంట్లో బ్రౌజర్, నిలువుగా తిప్పిపెట్టిన మూడోదాంట్లో మెయిల్. ప్రాణం లేచొచ్చింది.

ఏ కార్డు కొనాలని ఎవరినడిగినా మొదటి ప్రశ్న ఒకటే, "ఎన్ని జీబీ మెమరీ?" అని. గేములు ఆడని మనిషికి జీబీలతో పనేంటి బాబూ! నేను చూసిందల్లా కార్డు వెనక ప్లేటు ఫొటో. మానిటర్ వైర్లు గుచ్చే పోర్టులు ఎన్నున్నాయి, అవి ఏ రకం, అంతే.

ఉదాహరణకి ఏఎండీ వాళ్ల ఆర్‌ఎక్స్ 6400 కార్డునే చూడండి. 2022లో వచ్చింది, చిన్నాచితకా గేములు బాగానే లాగుతుంది. కానీ వెనక ఒక హెచ్‌డీఎంఐ, ఒక డిస్‌ప్లేపోర్ట్, అక్కడితో సరి. ఎన్విడియా టీ400 గేముల్లో దాని ముందు నిలవదు. అయితేనేం, మూడు మినీ డిస్‌ప్లేపోర్టులున్నాయి. లాగే కరెంటు 30 వాట్లే, పవర్ సప్లై నుంచి వేరే వైరు అక్కర్లేదు. నా పాత డబ్బాకి సరిగ్గా అదే కావాలి.

ఆ మినీ పోర్టుల్ని మానిటర్ వైరుకి కలిపే అడాప్టర్ల దగ్గర మాత్రం పీనాసితనం పనికిరాదు. 4కె మానిటర్‌కి పాత హెచ్‌డీఎంఐ 1.4 రకం తగిలిస్తే 30 హెర్ట్జ్ దగ్గరే, అంటే సెకనుకి 30 బొమ్మల దగ్గరే ఆగిపోతుంది. మౌస్ కదిపితే బాణం గెంతుతూ వస్తుంది, చిరాకు.

అన్నట్టు, ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే, మదర్‌బోర్డు పోర్టును కూడా బయాస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) ఆన్ చేసి కార్డుతో పాటు వాడుకునే వీలు చాలా బోర్డుల్లో ఉంటుంది. అలా నాలుగోదీ పెట్టొచ్చు. టేబుల్ మీద చోటేదీ?