ఒకవైపు ఒక కాగితం, ఇంకోవైపు ఎనిమిది

నిన్న సాయంత్రం ఆటోనగర్ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ చాకు నా చేతిలోనే ఉంది. యాభై సార్లయినా తెరిచి మూసి ఉంటాను. 39 రోజుల టెన్షన్ నిన్నటితో తీరింది. మర్చిపోకముందే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది విజయవాడ అరండల్‌పేటలో బుక్ బైండింగ్ పని. 26 ఏళ్లుగా కటింగ్ మిషన్ దగ్గర నిలబడుతున్నాను. బ్లేడు నిటారుగా దిగకపోతే కట్టలో పై కాగితానికీ అడుగు కాగితానికీ కొలత మారిపోతుంది. మిల్లీమీటరు తేడా వచ్చినా పబ్లిషర్ కట్ట వెనక్కి పంపిస్తాడు. బ్లేడు వంకర అంటే ఏమిటో నాకు ఒకరు నేర్పక్కర్లేదు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

చాకుల మీద ఇష్టం చిన్నప్పటి నుంచీ ఉంది. ఈ ఏడాది ధైర్యం చేసి 34,500 రూపాయలు పెట్టి ఒక మడత చాకు తెప్పించాను. టైటానియం పిడి, ఎం390 స్టీలు బ్లేడు, తిరిగేచోట బాల్ బేరింగులు, తెరిచిన బ్లేడు మూసుకుపోకుండా పట్టే ఫ్రేమ్ లాక్. అమ్మింది వేరే ఊరి డీలరు. డబ్బు కట్టిన నాలుగో రోజున పార్సిల్ వచ్చింది. అంతవరకూ ఏ ఇబ్బందీ లేదు.

పెట్టె తెరిచి చాకును మూసి ఉంచే లైటుకు ఎదురుగా పట్టుకున్నాను. బ్లేడు నడి మధ్యలో లేదు, ఒక పక్కకు వాలి ఉంది. షాపులోంచి పుస్తకాలు అచ్చేసే 80 జీఎస్ఎం మాప్‌లితో రకం కాగితం తెచ్చి సన్నటి ముక్కలు కోశాను. ఆ కాగితం మందం మైక్రోమీటర్‌తో చూస్తే దాదాపు 0.1 మిల్లీమీటరు. బ్లేడు ముక్కుకూ పిడికీ మధ్య సందులో ఒకవైపు ఒక్క ముక్క గీసుకుంటూ దిగింది, రెండోది పట్టలేదు. అవతలివైపు ఎనిమిది పట్టాయి. పిడిని గట్టిగా పిసికితే ముక్కు పక్కకు తగులుతోంది. వారం తిరిగేసరికి పిడి లోపల గోటితో గీసినట్టు సన్నటి మెరుపు గీత పడింది. గట్టిపరిచిన స్టీలు కంటే టైటానియం మెత్తన కాబట్టి గీత అక్కడ పడింది. రేపు పదును అంచే తగిలితే, అది పల్చన కాబట్టి, మొద్దుబారేది అంచే.

ఇది పెద్ద విషయమా అని మా బావమరిది అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. చాకు పని చేసేది తెరిచినప్పుడు. అప్పుడు బ్లేడు ఊగకూడదు, లాక్ జారకూడదు, అంచు తెగాలి. ఈ మూడూ బాగుంటే, మూసినప్పుడు ఎక్కడా తగలకపోతే, కాస్త వాలినా కోతకు నష్టం లేదు. వెయ్యి రూపాయల చాకు అలా ఉంటే నేను పట్టించుకోను. కానీ బంగినపల్లి కాయ కొయ్యడానికి 150 రూపాయల చాకు చాలు. మిగతా 34,350 నేను దేనికి ఇచ్చాను? స్టీలుకు కొంత. మిగతాదంతా ఆ వెంట్రుకవాసి కొలతకే. ఆ కొలతే లేనప్పుడు ఆ ధర అడిగే హక్కు ఎవరికీ లేదు.

డీలరుకు ఫోటోలు పెడితే వెనక్కి పంపమన్నారు. మొదటి కొరియర్ ఆఫీసులో పార్సిల్‌లో చాకు ఉందని నిజం చెప్పినందుకు కౌంటర్ దగ్గరే ఆపేశారు. పోలీసు లెటర్ తెమ్మన్నారు. ఆయుధాల నిబంధనల్లో ఉన్నది 9 అంగుళాలు దాటిన బ్లేడు మాట, నాది మూడున్నర అంగుళాలు అని చెప్పినా వినలేదు. ఇంకోచోట అడిగితే తీసుకున్నారు.

23 రోజుల తర్వాత చాకు వెళ్లినట్టే తిరిగొచ్చింది. అదే వాలు, అదే ఒక కాగితం, అవే ఎనిమిది. లోపల చిన్న చీటీ: ‘పరీక్షించాం. పరిమితిలోనే ఉంది.’ ఎంత పరిమితి, దేనితో కొలిచారు, ఏమీ లేదు.

ఫోన్ చేస్తే వీడియో కాల్‌లోకి రమ్మన్నారు. మా షాపులో కుర్రాళ్లు ముగ్గురు, పుస్తకాల కోసం వచ్చిన ఒక లెక్చరర్ గారు అక్కడే ఉన్నారు. అవతల కుర్రాడికి మా అబ్బాయి వయసు ఉంటుంది. చాకును కెమెరాకు దగ్గరగా పట్టుకోమన్నాడు. తిప్పమన్నాడు, ఇంకా దగ్గరికి అన్నాడు. చివరికి, “అంకుల్, మీరు స్క్రూ విప్పారు కదా. తల మీద గీత ఉంది. వారంటీ పోయింది” అన్నాడు.

నేను స్క్రూ ముట్టుకోలేదు. దానికి కావలసిన, నక్షత్రం మొన ఉన్న టార్క్స్ టీ8 బిట్టే అప్పటికి నా దగ్గర లేదు. ఆ మాటే చెప్పాను. “అందరూ అలాగే అంటారు అంకుల్” అన్నాడు. స్పీకర్‌లో ఉంది, షాపంతా విన్నారు. 26 ఏళ్లలో ఒక్క కాగితం లెక్క తప్పు చెప్పని మనిషిని నేను. నా కుర్రాళ్ల ముందు అబద్ధాలకోరును అయిపోయాను. ముఖం వేడెక్కిపోయింది, గొంతు పెగల్లేదు.

అయినా ఒక మాట అడిగాను. “బాబూ, వాలడానికి కారణం ఏమిటి?” “ఫ్రేమ్ లాక్ అంటేనే అంత అంకుల్, లాక్ బ్లేడును అవతలికి నెడుతుంది” అన్నాడు.

సగం నిజం అది. ఫ్రేమ్ లాక్‌లో పిడి ఒక పక్కనే చీల్చి స్ప్రింగులా లోపలికి వంచుతారు. 1990ల మొదట్లో చాకులు తయారుచేసే క్రిస్ రీవ్ తన సెబెంజా చాకుతో దీన్ని అందరికీ పరిచయం చేశాడు. ఆ చీలిక మీద చిన్న గుండు ఉంటుంది. చాకు మూసినప్పుడు అది బ్లేడులోని గుంటలో కూర్చుని జారకుండా పట్టుకుంటుంది. ఆ ఒత్తిడికి బ్లేడు లాక్ నుంచి దూరంగా కొద్దిగా జరగొచ్చు. కానీ నా బ్లేడు లాక్ వైపుకే వాలింది! నెట్టినవాడి మీదికే ఎవరైనా పడతారా? ఇది చెప్పబోతుంటే కాల్ కట్ చేశాడు. తర్వాత ఆ నంబర్ ఎత్తలేదు.

ఆ రాత్రి అన్నం సహించలేదు. కొనేవాళ్లకు ఒక మాట: పెట్టె తెరిచేటప్పుడు ప్రతి స్క్రూ తలనూ దగ్గరగా వీడియో తీసి పెట్టుకోండి. దుకాణం అడ్రసు లేకుండా వాట్సాప్ నంబర్ ఒక్కటే ఉన్నవాళ్ల దగ్గర, ఎంత తగ్గించి ఇస్తామన్నా, కొనకండి.

వారంటీ ఎలాగూ పోయిందన్నారు కాబట్టి మా కటింగ్ బ్లేళ్లు సానపట్టే ఆటోనగర్ మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఇలాంటి చాకు ఎప్పుడూ చూడలేదు. కళ్లజోడు పైకి నెట్టి మూసి చూశాడు, తెరిచి చూశాడు, మళ్లీ మూశాడు.

“మాస్టారూ, మూస్తే ముక్కు లాక్ పక్కకు పోతంది, తెరిస్తే అవతల పక్కకు పోతంది, చూశారా? బ్లేడే వంగితే రెండుసార్లూ ఒకే పక్కకు పోవాల. బ్లేడు మంచిదే. కూర్చునే చోటే సమంగా లేదు, ఔట్‌లో ఉంది.”

అంతమంది చూశారు, ఒక్కరూ ఈ ముక్క చెప్పలేదు. నాకూ తట్టలేదు.

స్క్రూలు వదులవకుండా అంటించిన నీలం లాక్‌టైట్ జిగురు గట్టిగా పట్టేసింది. సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద కాసేపు ఆనించి వేడి చేసి తిప్పితే వచ్చేసింది. విప్పి బేరింగ్ గుంటను లెన్స్‌తో చూశాడు. లాక్ లేని పక్క గుంట అంచున, మిల్లింగ్ మిషన్ మీద గుంట కోసినప్పుడు తెగకుండా మిగిలిన లోహపు పొర, బర్రు, ఉంది. గోటికి తగులుతోంది, కంటికి కనిపించదు. కొలిస్తే 0.05 మిల్లీమీటరు. బేరింగ్ వెడల్పు 12 మిల్లీమీటర్లు, బ్లేడు పొడవు 90. అక్కడ 0.05 ఎత్తు ఉంటే ముక్కు దగ్గరికి వచ్చేసరికి ఏడున్నర రెట్లు, అంటే 0.37 అవుతుంది. నా కాగితాల లెక్కతో దాదాపు సరిపోయింది: ఎనిమిదికీ ఒకటికీ తేడా ఏడు, అందులో సగం మూడున్నర కాగితాలు, అంటే 0.35. చాలామంది ఇలాంటప్పుడు స్క్రూ బిగించి బ్లేడును మధ్యకు లాగుతారు. దానితో వాలు కనబడకుండా పోతుంది, చాకు బిగుసుకుపోతుంది, బేరింగ్ అరుగుతుంది. అలా చెయ్యకండి.

వాటర్ పేపర్‌ను, అంటే సన్నటి గరుకు కాగితాన్ని, పుల్లకు చుట్టి బర్రు తీసేశాడు, పెట్రోలుతో కడిగాడు, చుక్క నూనె వేసి బిగించాడు. మొత్తం 40 నిమిషాలు. 300 అడిగాడు, ఇచ్చాను.

అక్కడే జేబులోంచి కాగితం ముక్కలు తీశాను. చాకు మూసి ఒకవైపు పెడుతూ పోయాను, ఐదు పట్టాయి. రెండోవైపూ ఐదు పట్టాయి. ఆరోది ఏ పక్కా దూరలేదు. మేస్త్రి ఆ ముక్కలు తీసుకుని తనూ ఒకసారి పెట్టి చూసుకున్నాడు.

పిడి లోపలి మెరుపు గీత అలాగే ఉంది. పాలిష్ చేయనా అని అడిగాడు. వద్దన్నాను.