చెయిన్‌కి ఆయిల్: తుడవడమే అసలు పని

బైక్ చెయిన్ పని నేను బండి నడిపి ఆపిన వెంటనే మొదలుపెడతాను. చెయిన్ వెచ్చగా ఉంటే చిక్కటి ఆయిల్ కూడా పలచబడి సందుల్లోకి దిగుతుంది. 500 కిలోమీటర్లకోసారి చేస్తాను. వానలో తడిసిందంటే ఆ లెక్క చూడను, ఆరగానే చేసేస్తాను.

బండి సెంటర్ స్టాండ్ మీద, న్యూట్రల్‌లో, ఇంజిన్ ఆపి. ఇంజిన్ నడుస్తుండగా తిరిగే చెయిన్‌కి గుడ్డ పట్టడమంత తెలివితక్కువ పని లేదు, వేళ్లు తెగేది అక్కడే. చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పుతాను. అలా తిప్పితే కింది చెయిన్ వెనక స్ప్రాకెట్ (చెయిన్ తిరిగే పళ్ల చక్రం) నుంచి బయటికి వస్తుంది కాబట్టి గుడ్డను లోపలికి లాగదు.

శుభ్రం చేయడానికి కిరోసిన్, మెత్తటి నైలాన్ బ్రష్. టైరుకి చిమ్మకుండా చెయిన్ వెనక ఒక అట్టముక్క. పెట్రోల్, ఇనుప బ్రష్ రెండూ వద్దు. ఓ-రింగ్ చెయిన్‌లో పిన్నుకీ, దాని చుట్టూ ఉండే గొట్టంలాంటి బుష్‌కీ మధ్య గ్రీజు ఫ్యాక్టరీలోనే పెట్టి, రబ్బరు రింగులతో మూసేస్తారు. వాటివల్ల రింగు దెబ్బతింటే ఆ గ్రీజు బయటికి పోతుంది, మళ్లీ పెట్టే దారి లేదు. మనం వేసే ఆయిల్ రోలర్లకీ, రింగులు ఎండిపోకుండా ఉండటానికీ, తుప్పు పట్టకుండా ఉండటానికీ మాత్రమే. అందుకే పైన గ్రీజు పూస్తే ఏమీ రాదు, దుమ్ము అంటుకోవడం తప్ప.

పొడిగుడ్డతో తుడిచి పావుగంట ఆరనిస్తాను. తడి మిగిలితే ఆయిల్ నిలవదు.

నేను వాడేది 80డబ్ల్యూ-90 (ఇది చిక్కదనం గ్రేడు) గేర్ ఆయిల్. సన్నటి ముక్కున్న సీసాతో, కింది చెయిన్ లోపలి వైపు నుంచి, ప్లేట్ల మధ్య సందులో ఒక్కో చుక్క. ఎడమ వరుసకి ఒక చుట్టు, కుడి వరుసకి ఇంకో చుట్టు. బయటి వైపు వేస్తే తిరుగుడుకి చిమ్మిపోతుంది, లోపల వేస్తే ఆ తిరుగుడే దాన్ని సందుల్లోకి నెడుతుంది. మొత్తం చెయిన్‌కి 10 మిల్లీలీటర్లు దాటకూడదు.

చక్రాన్ని ఓ పది చుట్లు తిప్పి, అరగంట ఆగి, పైకి కనిపించే ఆయిలంతా తుడిచేస్తాను. ఆయిల్ వృథా చేస్తున్నట్టు అనిపిస్తుంది కానీ, మిగిలిందల్లా ఇసుకతో కలిసి స్ప్రాకెట్ పళ్లను అరగదీస్తుంది.

తరవాత బిగువు. చాలా బండ్లకి కింది చెయిన్ మధ్యలో 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట (పైకీ కిందికీ కదిలే వదులు) ఉండాలి, సరైన అంకె మాన్యువల్లో ఉంటుంది. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల చూసి, అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోటే కొలుస్తాను. ఒకచోట బిగిసి, ఇంకోచోట వేలాడుతుంటే చెయిన్ అరిగినట్టే. ఇక ఆయిల్‌తో పనికాదు, రెండు స్ప్రాకెట్లతో కలిపి సెట్ మార్చాలి.

బండి తీసేముందు టైరు పక్కలు, వెనక బ్రేక్ డిస్క్ చూసుకుంటాను. చుక్క పడి ఉంటే డిస్క్‌ని బ్రేక్ క్లీనర్‌తో తుడిచాకే బండి కదులుతుంది.